వేళ్ళ తెలివి

పోపు వేసేటప్పుడు మీరెప్పుడైనా పోపుడబ్బా వంక చూశారా? మన చూపు నూనె మీద ఉంటుంది. చెయ్యి దాని మానాన అది వెళ్ళి ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి వరసగా తెచ్చేస్తుంది. అత్తగారు గిన్నెలు అటూ ఇటూ మార్చి పెట్టారో, ఆ పూట చారు రుచే మారిపోతుంది! మనసుకు కాస్త తీరిక దొరుకుతోందంటే అది ఈ వేళ్ళ తెలివి వల్లే. ఇది వంటింటికే పరిమితం కాదని, కంప్యూటరు దగ్గర కూడా ఇదే సూత్రమని ఈమధ్య మాకు తెలిసొచ్చింది.

మా చెల్లెలి కూతురు ఒక బెంగుళూరు కంపెనీకి ప్రోగ్రాములు రాస్తుంది. తిరుపతిలో మా మేడమీద గదిలో కూర్చునే ఉద్యోగం. కిందటేడు పాపకు కుడిచేతి మణికట్టు నొప్పి పట్టుకుంది. గాజులు తీసేసింది. అన్నం కలుపుకోవాలన్నా మూలుగే. డాక్టరు మౌసు వాడకం బాగా తగ్గించమన్నాడు.

"అది లేకుండా ఉద్యోగం ఎట్లా చేస్తావే పాపా?" అని చిత్తూరు నుంచి వచ్చిన మా చెల్లెలు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇంటి అప్పు కంతులన్నీ ఆ జీతం మీదే నడుస్తున్నాయి మరి.

పాప ఉద్యోగం మానలేదు. "టెర్మినల్" అనే నల్లని తెర ఒకటి ఉందట. అందులో బొమ్మలుండవు. మనం అక్షరాలతో ఆజ్ఞ రాస్తే యంత్రం అక్షరాలతోనే జవాబిస్తుంది. మౌసుకు దాదాపు పనే లేదు. సాధ్యమైనంత పని అక్కడికే మార్చుకుంది.

రాసింది దిద్దుకోవడానికి షార్ట్‌కట్లున్నాయి. అడ్డదారులంటే వినడానికి బాగుండదు, దగ్గరదారులందాం. 'కంట్రోల్' మీట నొక్కిపట్టి 'ఎ' నొక్కితే వరస మొదటికి వెళతాం, 'ఇ' నొక్కితే చివరికి. 'డబ్ల్యూ' వెనకమాటను చెరిపేస్తుంది. 'వై' నొక్కితే చెరిపిన మాట తిరిగొస్తుంది, చెత్తలోంచి ఉంగరం ఏరి ఇచ్చినట్టు! 'ఆర్' పాత ఆజ్ఞలను వెతికి పెడుతుంది. ఇక కంట్రోల్‌తో పనిలేని 'ట్యాబ్' మీట ఉంది చూశారూ, ఫైలు పేరు సగం రాస్తే చాలు, తక్కినది తానే పూరిస్తుంది. మా ఆయన మాటను నేను పూర్తి చేసినట్టే!

ఈ ఎ, ఇ, వై ల అలవాటు 1976లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో పుట్టిన 'ఈమాక్స్' నుంచి వచ్చిందట. 1989 నాటి 'బాష్' దాన్ని అందిపుచ్చుకుంది.

నాకు ముచ్చటేసింది మాత్రం 'జి'. పెళ్ళికి ముందు చిత్తూరులో నేను టైపు నేర్చుకున్నాను. వరస చివరికొస్తుంటే మిషను టింగుమని గంట కొట్టేది. 1963లో ఏర్పరచిన 'ఆస్కీ' సంకేతాల్లో 7వది గంట. ఇంగ్లీషు అక్షరాల్లో 'జి' కూడా 7వదే. అందుకే కంట్రోల్ 'జి' అంటే గంట. టెలిప్రింటర్లలో అది నిజంగానే మోగేది!

అయితే ఒక హెచ్చరిక. మామూలుగా కంట్రోల్ 'సి' అంటే నకలు తీయడం. టెర్మినల్లో అదే మీట నడిచే పనిని ఆపేస్తుంది. లైనక్సులో నకలు కావాలంటే షిఫ్టు కూడా కలపాలి. ఇందులో వింతేముంది? పుట్టింట్లో "చాలు" అంటే చాలనే అర్థం. అత్తింట్లో "చాలు" అంటే ఇంకో గరిటె వెయ్యమని!

దగ్గరదారి అంటే సులువైన దారి అనుకోకండి. మా కొండకు అలిపిరి దారిన 3,550 మెట్లు, శ్రీవారి మెట్టు దారిన 2,388. రెండోది దగ్గరే గానీ ఎక్కుడు ఎక్కువ. పాపకూ మొదట్లో అట్లాగే ఆయాసం వచ్చింది. "ఒక్కరోజులో అన్నీ ఎందుకే? పోపుడబ్బాలో ఏడు గిన్నెలే కదా!" అన్నాను. రోజుకొకటి పెట్టుకుంది. నేను చిక్కుడుకాయలు ఒలుస్తూ పాఠం అప్పజెప్పించుకునేదాన్ని.

"మాట చెరపాలి?"

"డబ్ల్యూ, పెద్దమ్మా!"

"తెర బిగుసుకుపోయింది?"

"కంట్రోల్ 'ఎస్' పడి ఉంటుంది. 'క్యూ' కొడితే కదుల్తుంది!"

నెల తిరిగేసరికి వేళ్ళు వాటంతటవే దారి పట్టాయి. నొప్పికి ఇదే మందని నేననను. మీటలు అదేపనిగా కొట్టినా మణికట్టుకు శ్రమే. డాక్టరు చెప్పిన వ్యాయామం, గంటకోసారి లేచి తిరగడం మానలేదు. కానీ మౌసు కోసం చెయ్యి చాచడం తగ్గింది. పని ఆగలేదు. కంతూ ఆగలేదు.

మొన్న శుక్రవారం కుడిచేతికి మళ్ళీ గాజులు వేసుకుంది. మీటల టకటకల నడుమ ఆ గలగల వింటూ మెట్లమీదే నిలబడిపోయిన మా చెల్లెలి ముఖం మీరు చూడాల్సింది!