కడపలో సబ్జా నానేదాకా

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. దేవుని కడపలో వెంకన్న దర్శనం చేసుకుని ఆటోలో పెద్ద దర్గా వైపు వచ్చాను. దిగి వంద అడుగులు వేశానో లేదో, కళ్లు బైర్లు కమ్మాయి. ఫోన్‌లో 42 డిగ్రీలు. వాటర్ బాటిల్ ఎప్పుడో ఖాళీ.

ఎదురుగా వేపచెట్టు కింద నన్నారి షర్బత్ బండి. "తాతా, ఒక షర్బత్. త్వరగా" అన్నాను.

ఆయన నా మొహం చూసి ముందు కుండలో నీళ్లు ఇచ్చాడు. "ఇవి తాగి ఆ నీడన కూచో నాయనా. సబ్జా ఇప్పుడే నానేసినా. రొంతసేపు పడ్తాది."

"సబ్జా లేకుండానే ఇచ్చేయ్" అన్నా. నవ్వి ఊరుకున్నాడు.

చేసేదేం లేక గిన్నెలోకి చూస్తూ కూర్చున్నా. ఆవాలకంటే చిన్న నల్ల గింజలు. నీళ్లు తగలగానే ఒక్కోదాని చుట్టూ తెల్లటి జిగురు పొర ఉబ్బుతోంది. గింజ పైపొరలోని పీచు నీటిని పీల్చుకుని పట్టి ఉంచుతుంది. పావుగంటలో గిన్నె నిండిపోయింది.

ఇవి మన పూజ తులసి గింజలు కావు. దాని చుట్టం రుద్రజడ గింజలు. చియా అసలే వేరు, అది మెక్సికో వైపు మొక్క. హైదరాబాద్ ఫలూదాలో సేమియా మధ్య మెరిసేవీ ఈ సబ్జాలే. ఫలూదా పుట్టిల్లు ఇరాన్. షిరాజ్‌లో దాన్ని సన్నటి పిండి తీగలు, గులాబీ నీరు, నిమ్మరసంతో చేస్తారు. పాలు, సబ్జా నిండిన గ్లాసు మాత్రం మన దగ్గరిదే.

ఇంతలో ఓ బుడ్డోడు బండి దగ్గర డబ్బాలోంచి పొడి గింజలు గుప్పెడు తీశాడు. తాత చటుక్కున చెయ్యి పట్టుకున్నాడు. "పచ్చివి తినగూడదు రా, గొంతులో ఉబ్బుతాయి!" నిజమే. పొడిగా మింగితే గొంతులోనే ఉబ్బి ఊపిరికి అడ్డం పడొచ్చు. ఇంట్లో చేసుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి: చెంచా గింజలకు కప్పు నీళ్లు, కనీసం 15 నిమిషాలు.

చివరికి గ్లాసు వచ్చింది. నన్నారి పాకం, నిమ్మరసం, సోడా, ఐసు, పైన రెండు గరిటెలు సబ్జా. గటగటా తాగేద్దామనుకున్నా. కుదర్లేదు! గింజలు నాలుక మీద జారుతుంటే గుక్క గుక్కకీ ఆగాల్సిందే. సబ్జాకి సొంత రుచి లేదు. కానీ అది ఉన్న గ్లాసుని ఎవరూ హడావిడిగా తాగలేరు.

అమ్మ "చలవ చేస్తుంది" అంటే ఏదో మాట అనుకునేవాణ్ని. ఆ రోజు నన్ను నిలబెట్టింది నీళ్లు, నీడ, ఆ పావుగంట. సబ్జా నన్ను అక్కడ కూర్చోబెట్టింది. నిజంగా వడదెబ్బ తగిలితే మాత్రం షర్బత్ చాలదు, ఆస్పత్రికే వెళ్లాలి.

ఉగాదికి దేవుని కడప గుడికి ముస్లింలూ వస్తారు. బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడపడుచని, వెంకన్న అల్లుడని వాళ్ల నమ్మకం. గుడి నుంచి దర్గాకి వెళ్లే దారిలో అడవి వేరు పాకం, పారసీ నుంచి వచ్చిన షర్బత్ పేరు ఒకే గ్లాసులో దొరకడం కడపలో వింతేమీ కాదు.

ఖాళీ గ్లాసు ఇచ్చి లేచాను. తాత మళ్లీ నా మొహంలోకి చూశాడు.

"ఆ... ఇప్పుడు పో" అన్నాడు.