గుండ్లకమ్మ వెంట ఎఱ్ఱని ఆకులు

నల్లమలలో గుండ్ల బ్రహ్మేశ్వరము చెంత పుట్టి, కంభము చెఱువును నింపి, మార్కాపురము మీదుగా దిగి, అద్దంకి రేగళ్ళను ఒరసికొని, కొత్తపట్నమునకు ఉత్తరముగా బంగాళాఖాతమున కలియు గుండ్లకమ్మ పొడవునను మేపుల్ చెట్టన్నది లేదు. అయినను, కెనడా దేశము 1965 ఫిబ్రవరి 15 నాడు తన జెండాపై నిలుపుకొన్న ఆ ఎఱ్ఱని ఆకును ఎఱుగనివారు ఒంగోలు సీమలో నేడు అరుదు. ఏ యింటి బిడ్డయో టొరంటోలో ఉన్నయెడల శరదృతువున దాని ఛాయాచిత్రము తప్పక వచ్చును. ఎఱ్ఱనిది ఎఱ్ఱ మేపుల్, నారింజవన్నెది చక్కెర మేపుల్, పసుపువన్నెది నార్వే మేపుల్ అని చెప్పుకొను గుర్తులు సగమే నిజము. ఎఱ్ఱ మేపులే ఒక్కొక్క తావున పసుపువన్నెకు తిరిగి రాలును. నార్వే మేపులులో 'క్రిమ్సన్ కింగ్' అను తోటరకము వేసవి పొడవునను ముదురు ఎఱుపుననే ఉండును. రంగు చెట్టుయొక్క వంశమును చెప్పునా, లేక అవస్థను మాత్రమే చెప్పునా అను విచారమునకై అంత దూరము పోనక్కఱలేదు. మన యేటి వెంబడి నడచిన చాలును.

ఏఱు పుట్టు అడవిలో, చలికాలము ముదిరిన కొలది సిరిమాను ఆకులు తుప్పువన్నె తేరి కొండవాలులను ఎఱ్ఱబఱచును. అవి రాలిన పిమ్మట, మాఘ ఫాల్గుణములలో, పుసుగు చెట్టు నెత్తుటివన్నె చిగురు తొడుగును. దూరమునుండి చూచువానికి రెండును ఒక్కటే జ్వాల. కాని ఒకటి ఆయువు తీరిన ముదురాకు, వేఱొకటి ఇంకను పత్రహరితము నిండని లేతాకు. రావి చిగురు, మామిడి చిగురు రాగివన్నెతో తళుకొత్తుటయు ఈ రెండవ తీరుదే. సిరిమానుకు ఆకులు ఒంటరివి. పుసుగుకు ఒక్కొక్క యీనెపై రెండు మొదలు నాలుగు జతల చిన్నాకులుండును. కన్ను రంగును విడిచి ఈ కూర్పుపై నిలిచిన క్షణమున సందేహము తీఱును. ఇంకొక చిత్రము గలదు: పూర్వము మేపుళ్ళకు ప్రత్యేక కుటుంబమును కల్పించిన వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పుడు వానిని కుంకుడు కుటుంబమున చేర్చిరి, పుసుగును ఆ కుటుంబములోనిదే. మన తలంటి కుంకుడుకాయ ఆ విదేశ సుందరికి జ్ఞాతి యగునని ఎవరు తలచిరి!

కంభమున విజయనగర కాలపు కట్ట ఏటిని నిలిపినది. మార్కాపురము పలకలకు పేరుపడ్డది. అచ్చట మన విషయమునకు పనికివచ్చునది తక్కువ గనుక ముందుకు సాగుదము.

అద్దంకి దాటిన పిదప పత్తి, మిరప, పొగాకు చేల నడుమ మన విచారము చిక్కబడును. చలిదేశపు మేపులులో పగళ్ళు కుఱుచయైనప్పుడు కాడ మొదట బెండువంటి పొర యేర్పడి, పత్రహరితము విఱిగి, దాని చాటున ఆవఱకే ఉన్న పసుపు కెరోటినాయిడ్లు బయల్పడును. ఆకులో నిలిచిన చక్కెరలనుండి, వెలుతురు గల చల్లని దినములలో, ఆంథోసయనిన్ అను ఎఱుపు క్రొత్తగా పుట్టును. ఇందు మొదటి కార్యమునే మన రైతు పొగాకు బ్యారన్‌లో కొలది రోజులలో జరిపించును: పచ్చియాకును కఱ్ఱలకు కట్టి, మొదట తక్కువ వేడిలో తేమనుంచి పసుపుకు తిప్పి, ఆపై వేడి పెంచి ఆఱబెట్టును. అది రైతు తన చేత కట్టిన శరత్తు. రెండవ కార్యము పత్తిచేనిలో పిలువకయే వచ్చును. చలిరాత్రులకును, మెగ్నీషియము లోపమునకును ఆకులు ఎఱ్ఱబడినప్పుడు కారకము ఆ ఆంథోసయనినే. అయితే దానిని చూచి ముచ్చటపడు రైతు ఒక్కడును లేడు. మిరపపండు ఎఱుపు వేఱు జాతిది. అది కెరోటినాయిడ్ల వర్గమునకు చెందినది. ఒకే వన్నెకు ఇన్ని కారణములుండగా, వన్నెను బట్టి చెట్టుపేరు చెప్పుట సాహసమే.

ఏఱు సముద్రమును చేరిన పిదప ఇసుకబాటన దక్షిణముగా వచ్చిన కొత్తపట్నము. సరుగుడు తోపులలో ఆకురంగు చూడవలెనన్న ఆకే కనబడదు; పెరళ్ళలోని బాదము చెట్లు మాత్రము ఏట రెండుసార్లు ఆకు రాల్చుచు, రాల్చుటకు ముందు మేపులును తలదన్ను ఎఱుపు చూపును. నా మట్టుకు మన దేశమున మేపులునకు సాటిరాగలది ఇదియే. ఆ వైభవమును చూడదలచినవారు జనవరి, ఫిబ్రవరి నెలలలో పొండు. రాలిన ఆకు నొకదానిని తీసి, కాడ చేరువన అడుగుప్రక్క రెండు చిన్న గ్రంథులున్నవేమో పరికింపుడు. తలయెత్తి, కొమ్మలు అంతస్తులుగా పఱచుకొన్నవో లేదో, ఆకులు కొనలయందు గుత్తులు గట్టినవో లేదో చూడుడు. అంతయు కుదిరిన పిదపనే బాదమనుడు. ఎఱుపును చిట్టచివర లెక్కింపుడు.