నీకు నిద్ర పడుతున్నదా అమ్మా?

ఫ్యాక్టరీల్లో జనరల్ షిఫ్ట్ వదిలాక పటాన్‌చెరులో మా క్లినిక్ నిండిపోతుంది. చాలా ఏళ్ల కిందట అలాంటి ఒక సాయంత్రం, నారాయణఖేడ్ వైపు నుంచి బతుకుతెరువుకి వచ్చిన ఒక తల్లి ఎనిమిదేళ్ల కొడుకుని తీసుకొచ్చింది. "కడుపుల నొస్తుందంటడు సారూ. బడికి పొయ్యేటప్పుడే నొస్తది" అంది. పొట్ట మెత్తగానే ఉంది. నులిపురుగుల మందు రాశాను.

నెలలో మూడుసార్లు వచ్చారు. మూడోసారి చీటీ అందుకుంటూ ఆమె గొంతు తగ్గించింది. "రాత్రి పక్క తడుపుతుండు. మునుపు గిట్ల లేకుండె." పిల్లవాడు తల వంచుకుని చొక్కా కింది గుండీని తిప్పుతూనే ఉన్నాడు.

పెన్ను పక్కన పెట్టి, "నీకు నిద్ర పడుతున్నదా అమ్మా?" అని అడిగాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భర్తకి నైట్ డ్యూటీలు. పగలు అతను పడుకుంటే ఆ ఒక్క గదిలో పిల్లవాడు చప్పుడు చేయకూడదు. ఆమెకి రెండు నెలలుగా నిద్ర లేదు, తిండి సహించడం లేదు. ఇక్కడ పలకరించే దిక్కూ లేదు. మానసిక వైద్యుడికి ఉత్తరం రాస్తానంటే ఉలిక్కిపడింది. "ఎర్రగడ్డ పిచ్చి దవాఖానకా సారూ? నాకేం పిచ్చి లేదు."

ఆ ప్రశ్న మొదటిరోజే ఎందుకు అడగలేదన్న బాధతోనే చదవడం మొదలుపెట్టాను. 1964-65లో ఇంగ్లండ్‌లోని ఐల్ ఆఫ్ వైట్ దీవిలో పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రటర్ బృందం ఆసుపత్రికి వచ్చిన పిల్లలతో సరిపెట్టుకోలేదు. దీవిలోని 10, 11 ఏళ్ల పిల్లలందరి గురించీ తల్లిదండ్రులనీ టీచర్లనీ అడిగింది. వందకి దాదాపు ఏడుగురిలో మానసిక సమస్య బయటపడింది. వాళ్లలో వైద్యం దాకా చేరినవాళ్లు కొద్దిమందే. మన దగ్గర బెంగళూరులో 16 ఏళ్లలోపు పిల్లలు 2,064 మందిని పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో అది 12.5 శాతం. ఆ పిల్లల కుటుంబాల్లో మా బిడ్డకి ఏదో ఇబ్బంది ఉందని గుర్తించినవి 37.5 శాతమే.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం మన తెలుగు నేల మీద జరిగిన లెక్కే. 2002లో మొదలైన 'యంగ్ లైవ్స్' అధ్యయనం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 20 చోట్ల దాదాపు మూడు వేల మంది పిల్లల్ని ఎంచుకుని, ఏళ్ల తరబడి వాళ్ల ఇళ్లకి వెళ్లింది. మొదటి విడతలోనే పసిపిల్లల తల్లులకి 20 ప్రశ్నలు వేశారు. నిద్ర పడుతోందా, ఆకలి వేస్తోందా, ఏడుపు ఎక్కువైందా... సుమారు 30 శాతం మంది తల్లుల్లో దిగులు, ఆందోళన కనిపించాయి. అలాంటి తల్లుల బిడ్డల్లో వయసుకి తగ్గ ఎత్తు ఎదగనివాళ్లు ఎక్కువగా ఉన్నారు.

నేను ఆలస్యంగా అడిగిన ప్రశ్న ఆ ఇరవైలో ఒకటి.

యంగ్ లైవ్స్ తిరిగిన జిల్లాల్లో మన ఉమ్మడి మెదక్ లేదు. 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగిన 12 రాష్ట్రాల్లో తెలంగాణ లేదు. మా చుట్టుపక్కల పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ గదుల్లో చప్పుడు చేయకుండా పెరుగుతున్న పిల్లల్ని ఎవరో ఒకరు లెక్కపెట్టాలి. అంగన్‌వాడీ టీచరూ ఆశా కార్యకర్తా ఆ గడపల దాకా వెళ్తూనే ఉన్నారు. బిడ్డ బరువుతో పాటు తల్లి నిద్ర సంగతీ రాసుకునే ఒక గడి వాళ్ల రిజిస్టర్‌లో ఉండాలని నా కోరిక.

ఆ తల్లి, భర్త తోడు రాగా, వైద్యం చేయించుకుంది. కొన్ని నెలలకి పిల్లవాడికి పక్క తడపడం తగ్గింది. బిడ్డకి కడుపునొప్పి అని ఎవరొచ్చినా, ఇప్పుడు నేను చీటీ రాయక ముందే తల్లి వైపు తిరిగి ఆ మాట అడుగుతాను.