ఎందాకా?

మొన్న ఇంటికి కొత్త ప్రింటరు వచ్చింది. దానికీ నా కంప్యూటరుకూ మధ్య రెండు మూరల యూఎస్‌బీ తీగ. నేను రాసింది కాగితం మీద అచ్చు వెయ్యడం దాని పని. దాంతోపాటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కించి పది నిమిషాలు కాకుండానే తెర మూలన నా ఫైర్‌వాల్ చిన్న పెట్టె ఒకటి లేపింది. ప్రింటరు తాలూకు ప్రోగ్రాం ఒకటి ఎక్కడో విదేశంలో ఉన్న సర్వరుకు 443వ పోర్టు మీద వెళ్లబోతోంది, పంపాలా ఆపాలా అని.

పక్కన కూర్చున్న మా మేనల్లుడు మౌసు అందుకున్నాడు. "ఎలౌ కొట్టెయ్ మావయ్యా. రోజూ వచ్చేవే కదా, చదవడం ఎందుకు? అయినా విండోస్‌లోనే ఫైర్‌వాల్ ఉంది, పైన ఇంకోటి దేనికి?"

మౌసు వెనక్కి తీసుకుని ఆపమన్న చోట నొక్కాను. ఓ పేజీ తీసి చూశాను, చక్కగా వచ్చింది. అంటే ఆ ప్రయాణానికీ అచ్చుకీ సంబంధం లేదు. అప్పట్నించీ ఒకటే చిరాకు. రెండు మూరల తీగతో నా బల్లకు కట్టి ఉన్న వస్తువుకు నాతో చెప్పకుండా సముద్రాలు దాటే పనేమిటి? చదువుకున్న కుర్రాడు, మర్యాదగా అడిగిన ప్రశ్నను చదవకుండానే ఎందుకు చెరిపేస్తాడు?

వాడి రెండో ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పాల్సిందే. విండోస్ ఫైర్‌వాల్ మంచిదే. అది మంచిది కావడానికి చాలా ఏళ్లు పట్టింది. 2001లో వచ్చిన ఎక్స్‌పీలో ఫైర్‌వాల్ ఉండేది గానీ ఆన్ చేసి ఇచ్చేవారు కాదు. 2003 ఆగస్టులో బ్లాస్టర్ అనే వర్మ్ 135వ పోర్టు గుండా ఇళ్లల్లోకి దూరింది. నెట్ కలిపిన కాసేపటికే, 60 సెకన్లలో కంప్యూటరు ఆగిపోతుందని తెర మీద అంకెలు తగ్గుతూ వచ్చేవి. ఆ అంకెలు చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు. ఏడాది తర్వాత సర్వీస్ ప్యాక్ 2తో ఫైర్‌వాల్ ఆన్ అయ్యే రావడం మొదలైంది. అదీ లోపలికి వచ్చేవాటిని ఆపడానికే. బయటికి వెళ్లేవాటిని ఆపే వీలు విస్టాతో వచ్చింది. ఇవాళ్టి విండోస్ 11లో కూడా ఆ వీలు వాడకుండానే ఉంటుంది. పిలవకుండా వచ్చేవాణ్ణి ఆపు, వెళ్లేవాణ్ణి వెళ్లనీ: ఇదీ పుట్టుకతో వచ్చే అమరిక.

వచ్చేవాళ్లను ఆపడం చిన్న సంగతని నేననను. 2017 మేలో వానాక్రై అనే వర్మ్ 445వ పోర్టు వెంట ఎన్నో దేశాలు తిరిగి ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లను కూడా కొన్నింటిని పట్టుకుంది. కానీ ఇంట్లోవాళ్లు ఎక్కడికి పోతున్నారో తెలియని ఇంటికి వీధి తలుపు ఎంత గట్టిదైతే ఏం?

నేను ఈ రుచి మరిగింది జోన్‌అలారం అనే ఫైర్‌వాల్‌తో. ఇళ్లకు ఉచితంగా ఇచ్చేవారు. ఒక యంత్రం నన్ను యజమానిగా గుర్తించి, ఇది బయటికి వెళ్లొచ్చా అని అడగడం నా జీవితంలో అదే మొదలు. ఆ తర్వాత కెరియో. దాని 2.1.5 వెర్షన్ గురించి ఎంతసేపు చెప్పమన్నా చెబుతాను. అందులో బొమ్మల్లేవు, భయపెట్టే ఎర్రరంగుల్లేవు. ఒక పట్టిక, అంతే. పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చి, మొదట సరిపడిన వరస దగ్గర ఆగేది. కాబట్టి ఏది పైన, ఏది కింద అన్నది మనం ఆలోచించి పెట్టాలి. 53వ పోర్టులో పేర్లకు చిరునామాలు అడుగుతారనీ, 123లో టైము అడుగుతారనీ, 67, 68లలో మన కంప్యూటరు తన చిరునామా తాను పుచ్చుకుంటుందనీ నాకు ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఆ పట్టిక రాస్తూ నేర్చుకున్నాను. అట్టడుగున 'మిగతావన్నీ ఆపు' అని చివరి వరస రాసిన రాత్రి కలిగిన నిశ్చింత నాకింకా గుర్తుంది.

అవీ, అలాంటివే మరికొన్నీ ఏమయ్యాయి? జోన్‌అలారంను 2004లో చెక్‌పాయింట్ కొంది. కెరియో ఫైర్‌వాల్ సన్‌బెల్ట్ చేతికి పోయింది. సైగేట్‌ను 2005లో సిమాంటెక్ కొని ఆపేసింది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అవుట్‌పోస్ట్‌ను తయారుచేసిన ఆగ్నిటం 2015లో యాండెక్స్ పరమైంది. ఒక్కొక్కటీ పోయినప్పుడల్లా తెలిసిన కొట్టు మూతపడ్డట్టు ఉండేది.

ఇప్పుడు ఎంచుకునేవాళ్లు మొదట చూడాల్సింది, అది సొంత జల్లెడ తెస్తుందా, విండోస్‌లో ఉన్న జల్లెడనే పట్టుకుంటుందా అన్నది. ఉన్నదాన్ని వాడుకునేదే నాకిష్టం. రెండు జల్లెడలు ఒకదానిమీద ఒకటి పెడితే ఏది ఎక్కడ ఆగిందో కనుక్కోలేం. టైనీవాల్, సింపుల్‌వాల్, విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ ఈ రకానివి. టైనీవాల్ తేలిక, బాగా చేశారు. కానీ అది అడగదు, నిశ్శబ్దంగా ఆపేసి ఊరుకుంటుంది. కావలసినదాన్ని మనమే వెళ్లి పంపించాలి. అడగడమే ఫైర్‌వాల్‌లో నాకు నచ్చే గుణం కాబట్టి నేను విండోస్ ఫైర్‌వాల్ కంట్రోల్ దగ్గర ఆగాను. 'మీడియం ఫిల్టరింగ్' పెడితే రూలు లేనిదేదీ గడప దాటదు. నోటిఫికేషన్లు ఆన్ చేస్తే ప్రతి కొత్తదానికీ అడుగుతుంది.

అందులో 'లెర్నింగ్ మోడ్' అని ఒకటుంది. డిజిటల్ సంతకం ఉన్న ప్రోగ్రాములకు అదే దారి ఇచ్చేస్తుంది. దయచేసి అది వాడకండి. నా ప్రింటరు ప్రోగ్రాముకూ సంతకం ఉంది. సంతకం ఎవరన్నది చెబుతుంది, ఎందుకు వెళ్తున్నదీ చెప్పదు. మొదటి మూడు రోజులు ఓపిక పట్టి మీరే చదవండి. బ్రౌజరును పంపండి, విండోస్ అప్‌డేట్‌ను పంపండి. ఎస్‌వీసీహోస్ట్ అనే పేరు పదేపదే వస్తుంది. ఆ ఒక్క పేరు కింద ఎన్నో సర్వీసులు నడుస్తాయి. ఒకసారి విసిగి దాన్ని మొత్తంగా ఆపేశాను. పేర్లు అడిగే దారి కూడా దాంతోనే మూసుకుపోయి ఒక్క సైటూ తెరుచుకోలేదు. ఆ దారి ఒక్కటి పంపమని వేరే రూలు రాసినా లాభం లేదు: విండోస్‌లో వరసల లెక్క లేదు, ఆపమన్న రూలు పంపమన్నదాన్ని గెలుస్తుంది. కెరియో అలవాటు ఉన్న నాకు అది తెలిసేసరికి ఓ మధ్యాహ్నం పట్టింది.

ఇంకోటి. అడ్మిన్ హక్కులతో ఎక్కే ప్రోగ్రాములు తమ రూలు తామే రాసేసుకోగలవు. 'సెక్యూర్ రూల్స్' అన్నదాన్ని ఆన్ చేస్తే అలాంటివి పక్కకు పోతాయి. అన్నీ అయ్యాక రూల్స్‌ని ఫైలుగా తీసి పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి.

ఆపిల్ వాడేవాళ్లకు లిటిల్ స్నిచ్, లూలూ ఉన్నాయి. అక్కడా ఓ గొడవ జరిగింది. 2020లో బిగ్ సర్ అనే మ్యాక్‌ఓఎస్ వచ్చినప్పుడు ఆపిల్ సొంత ప్రోగ్రాములు కొన్ని ఇలాంటి ఫైర్‌వాల్స్ కంట పడకుండా వెళ్లే ఏర్పాటు పెట్టారు. తెలిసినవాళ్లు గట్టిగా అడిగితే దాని 11.2 వెర్షన్‌లో తీసేశారు. ఇల్లు కట్టిన మేస్త్రీ తన మనుషుల కోసం దొడ్డిదారి ఉంచుకోవడం నేను ఒప్పుకోలేను.

ఫైర్‌వాల్‌ని మోసం చెయ్యొచ్చని నాకు తెలుసు. 2000లోనే స్టీవ్ గిబ్సన్ లీక్‌టెస్ట్ అనే చిన్న ప్రోగ్రాం రాసి చూపించాడు. దానికి నమ్మిన ప్రోగ్రాం పేరు పెడితే చాలు, పేరు మాత్రమే చూసే ఫైర్‌వాల్స్ దారి ఇచ్చేవి. అయినా అడిగేవాళ్లు ఒకరుండాలి.

మా ఊళ్లో అడిగేది నాయనమ్మ. వీధరుగు మీద కూర్చుని వత్తులు చేసుకుంటూ ఉండేది. ఇంట్లోంచి ఎవరు బయల్దేరినా తలెత్తేది. ఎక్కడికి అని మాత్రం అనేది కాదు. బయల్దేరేవాళ్లను అలా అడిగితే వెళ్లిన పని కాదు కదా. "ఎందాకా?" అనేది. ఆ మాటకు విసుక్కున్నవాణ్ణి నేను చూడలేదు. చెరువుగట్టు దాకా అనో, తెనాలి దాకా అనో చెప్పి వెళ్లేవాళ్లు. దీపాలవేళకు ఎవరు తిరిగొచ్చారో, ఎవరు రాలేదో ఆవిడ వేళ్ల మీద ఉండేది. రానివాళ్ల కంచం బోర్లించనిచ్చేది కాదు.

మా చిన్నబాబాయి మద్రాసు వెళ్లిపోయిన తెల్లవారుజామున ఆవిడ పెరట్లో తులసికోట దగ్గర ఉంది. వీధి తలుపు తీసిన చప్పుడు వినలేదు. బాబాయి దగ్గర్నించి ఉత్తరం రావడానికి రెండేళ్లు పట్టింది. ఆ మర్నాటి నుంచే నాయనమ్మ తులసి మొక్కను ఓ కుండీలోకి మార్పించి, వీధరుగు చివర పెట్టించుకుంది.