ఎండ, పని, ఒంట్లో శక్తి



మన సంఘంలో ఇంటర్ చదివే పిల్లలు ఉష్ణగతిక శాస్త్రం పాఠం దగ్గర ఆగిపోతున్నారు. ఉష్ణం, పని, అంతర్గత శక్తి, మూడూ శక్తే అయితే మూడు పేర్లెందుకని వాళ్ల సందేహం. మే నెలలో వరంగల్ పల్లెల్లో ఉండేవాళ్లకు ఇది పరీక్ష ప్రశ్న మాత్రమే కాదు కాబట్టి అందరికీ రాస్తున్నాం.

సైకిల్‌కు గాలి కొట్టాక పంపు అడుగున ముట్టుకొని చూడండి, చురుక్కుమంటుంది. అక్కడ మంట లేదు. మన చేతుల పనే లోపలి గాలిలోకి వెళ్లింది. అదే పంపును ఎండలో పెట్టినా వేడెక్కుతుంది. వేడి వస్తువు నుంచి చల్లని దానిలోకి శక్తి దానంతటదే వెళ్తే ఉష్ణం అంటారు. నొక్కి, తోసి, తిప్పి పంపితే పని అంటారు. రెండూ దారుల పేర్లే. లోపలికి చేరాక అది అంతర్గత శక్తి, ఏ దారిన వచ్చిందో ఇక గుర్తుండదు. మొదటి నియమం మన వడ్ల గుమ్మి లెక్కలాంటిదే: పోసినదాంట్లోంచి తీసింది పోతే మిగిలినంత గుమ్మిలో పెరుగుతుంది.

దీన్ని కొలిచి చూపిన జేమ్స్ జౌల్ ఇంగ్లండులో బీరు తయారుచేసే ఇంటివాడు (ఆ వ్యాపారం సంగతి పక్కన పెట్టండి). 1840లలో, కిందికి దిగే బరువులతో నీళ్లలో తెడ్లు తిప్పించి, ఎంత పనికి ఎంత వేడెక్కుతాయో లెక్క తేల్చాడు. కిలో నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాలంటే 10 కిలోల బరువు దాదాపు 43 మీటర్లు దిగాలి. ఆయన సమాధి రాయి మీద పాత ఇంగ్లీషు కొలతల్లో ఆ అంకె, 772.55, చెక్కి ఉంది. దానితోపాటు యోహాను సువార్త 9వ అధ్యాయం 4వ వచనం కూడా ఉంది. పగలుండగా చేయాల్సిన పని గురించిన వచనం, బైబిలు తీసి చదువుకోండి.

ఇప్పుడు మన పగటి పని సంగతి. ఉపాధి హామీలో గడ్డపార పట్టినవాళ్లు, తునికాకు తెంపేవాళ్లు వినండి. కండరాలు ఖర్చుచేసే శక్తిలో పనిగా బయటికి వెళ్లేది సుమారు నాలుగో వంతే. మిగతాది ఒంటినే వేడెక్కిస్తుంది. మామూలు రోజుల్లో అది చర్మం మీదుగా గాలిలోకి పోతుంది. ఒళ్లు 37 డిగ్రీలు, గాలి 42 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం ఆ దారి తిరగబడుతుంది, గాలి నుంచే ఒంట్లోకి వస్తుంది. ఇక మిగిలింది చెమట ఒక్కటే. లీటరు చెమట ఆవిరైతే సుమారు 24 లక్షల జౌళ్లు తీసుకుపోతుంది. ఆరకుండా కారిపోయిన చెమటతో లాభం లేదు. నీళ్లు తాగకపోతే అదీ తగ్గిపోతుంది. అప్పుడు గుమ్మిలోకి రావడమే గాని పోవడం ఉండదు. అదే వడదెబ్బ. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వందల మంది ప్రాణాలు తీసింది. వాళ్లలో కూలీలు, ముసలివాళ్లు ఎక్కువ.

ప్రార్థన చేసుకొని పోతే ఎండేం చేస్తదని కొందరు పెద్దలంటారు. ప్రార్థన చేసుకొనే పోండి, కాని 11 గంటల్లోపు గడ్డపార దించండి. నీళ్లకు ఆ గుణం పెట్టినవాడు దేవుడే, దాన్ని వాడుకుంటే విశ్వాసం తగ్గదు. చెమట పట్టినా పట్టకపోయినా, ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే వెంటనే నీడకు తెచ్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి, 108కి ఫోన్ చేయండి. స్పృహ లేనివాళ్ల నోట్లో మాత్రం నీళ్లు పోయకండి.

ఈ నెలాఖరు దాకా ఆదివారం ఆరాధన ఉదయం 7 గంటలకే. మందిరం ముందు చలివేంద్రం కుండలు నింపడానికి యౌవనస్థులు ఇద్దరు 6 గంటలకే రావాలి.