సైన్స్ పుస్తకంలో లేని చీరాల

"మావయ్యా, సోషల్ పుస్తకంలో మా ఊరుంది. సైన్స్ పుస్తకంలో ఎక్కడా లేదు."

చీరాల స్టేషన్లో దిగి, పేరాలలోని అక్కా వాళ్లింటికి ఆటోలో వెళ్తుంటే మా మేనకోడలు అన్న మాట ఇది. దసరా సెలవులకి వెళ్లాను. దానిది ఎనిమిదో తరగతి. చీరాల-పేరాల ఉద్యమం అనగానే గడగడా చెప్పేసింది. 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టేది లేదని జనం ఇళ్లు వదిలేసి ఊరి బయట పాకలు వేసుకోవడం, ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య ముందుండి నడిపించడం, ఆ పాకల ఊరికి రామనగర్ అని పేరు పెట్టడం, పదకొండు నెలలు అక్కడే ఉండటం... ఒక్కటీ వదల్లేదు. "మరి ఘర్షణ అంటే ఏంటే?" అన్నాను. కళ్లు మూసుకుంది. పుస్తకంలో వాక్యం ఉన్నదున్నట్టు మొదలుపెట్టి, మధ్యలో ఒక మాట మర్చిపోయి, మళ్లీ మొదటికొచ్చింది.

రాత్రి అన్నాల దగ్గర అక్క అంది: "దానికి సైన్స్ బుర్రకెక్కదురా. పదయ్యాక సైన్స్ లేని గ్రూపేదో చూద్దాం అంటున్నారు మీ బావ." పిల్ల ముద్ద కలుపుతూనే వింటోంది. పదమూడేళ్లకే తీర్పు చెప్పేశారు, అప్పీలు కూడా లేదు. నాకు చిర్రెత్తుకొచ్చింది కానీ బావ ముందు ఏమనగలను? "ఈ నాలుగు రోజులూ దీన్ని నా వెంట తిప్పుకుంటాను" అని మాత్రం అన్నాను.

మర్నాడు పొద్దున్నే జాండ్రపేట వెళ్లాం. ఒకప్పుడు ఇక్కడ వీధి వీధంతా మగ్గాల చప్పుడేనట. ఇప్పుడు ఏ ఇంట్లోంచి వస్తోందో చెవి పెట్టి వెతుక్కోవాలి. బావకి తెలిసిన ఒక పెద్దాయన ఇంట్లో గుంట మగ్గం ఇంకా ఆడుతోంది. డెబ్బై దాటుంటాయి ఆయనకి. నేల మీద కూర్చుని కాళ్లు గోతిలోకి దించి, కింద చెక్కలు తొక్కుతుంటే పడుగు పోగులు పైకీ కిందికీ విడిపోతున్నాయి. తాడు లాగితే ఆ సందులోంచి నాడె అటూ ఇటూ దూసుకెళ్తోంది. పైన జాకార్డు అట్టలు. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. మొదటి తరం కంప్యూటర్లకు పని చెప్పింది కూడా ఇలాంటి చిల్లుల అట్టలేనని చెప్పాను. 'ఓహో' అంది గానీ నమ్మినట్టు లేదు.

ఇంతలో ఒక పోగు తెగింది. ఆయన మగ్గం ఆపి, క్షణంలో ముడేసి, మళ్లీ తొక్కడం మొదలుపెట్టాడు.

"ఎందుకు తెగింది తాతా?"

"రెండ్రోజుల్నుంచి ఎండ కాస్తోంది కదమ్మా. గాలి పొడిబారితే పోగు పెళుసెక్కుద్ది. చెమ్మ ఉంటే మాట వింటుంది. ఈ గుంట ఎందుకనుకున్నావ్, కాళ్లు పెట్టుకోవడానికేనా? నేల చెమ్మ పోగుకి తగలాలి."

తెగిన ముక్క ఒకటి దాని చేతిలో పెట్టి, "దీని పేట విప్పి లాగు చూద్దాం" అన్నాడు. మెలిక విప్పి లాగింది. దూదిలా విడిపోయింది. మెలిక ఉన్న ఇంకో ముక్క లాగితే వేలు కోసుకున్నంత పనయింది.

"లోపల జిగురేదైనా ఉంటుందా మావయ్యా?"

జిగురేమీ లేదు. పత్తి పీచు పొడవు రెండు మూడు సెంటీమీటర్లు, అంతే. మెలిక వేస్తే ఆ పొట్టి పీచులన్నీ ఒకదాన్నొకటి నొక్కుకుని, జారకుండా పట్టుకుంటాయి. ఆ పట్టు మీదే అయిదున్నర మీటర్ల చీర నిలబడుతుంది. "ఆ పట్టు పేరేంటో నీకు తెలుసు. నిన్న ఆటోలో అప్పజెప్పావు" అన్నాను. కాసేపు నా మొహం చూసి, నెమ్మదిగా "ఘర్షణా?" అంది.

పెద్దాయనకి ఈ మాట కొత్త. మా పిల్లకి ఈ దారం కొత్త. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉంటున్నారు.

బయల్దేరేముందు ఆయన తేలియా రుమాళ్ల మాటెత్తాడు. ఒకప్పుడు చీరాల నుంచి అరబ్బు దేశాలకు వెళ్లిన ఎర్రటి, నల్లటి చదరపు గుడ్డలు. రంగు వేయకముందు నూలుని నూనెలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిండేవాళ్లు. నూనె, క్షారం కలిస్తే ఏమవుతుందో సబ్బు వాడే ఎవరికైనా చెప్పొచ్చు. అలా తయారైన నూలు రంగుని వదలకుండా పట్టుకునేది. కెమిస్ట్రీ పాఠం అంతా అందులోనే ఉంది. కానీ పిల్ల మనసు అప్పటికే దారం మీద ఉంది, నేను లాగలేదు.

ఇంటికొచ్చాక పెద్దాయన ఇచ్చిన గంజి పెట్టని నూలు తీసింది. కిటికీ ఊచకి ఒక పోగు కట్టి, కింద కాగితం కప్పు వేలాడదీసి, అందులో ఐదు రూపాయల బిళ్లలు ఒక్కొక్కటీ వేయడం. తెగేదాకా ఎన్ని మోసిందో రాయడం. ఒకసారి పొడి పోగు, ఒకసారి తడిపిన పోగు. మొదటిసారి తడి పోగే ముందు తెగింది. "తాత చెప్పింది తప్పు" అని తేల్చేసింది. తెగింది ఎక్కడో చూడమన్నాను. ముడి దగ్గర. ముడి వేయకుండా ఊచకి నాలుగు చుట్లు చుట్టి మళ్లీ మొదలుపెట్టింది. పదిసార్లు చేస్తే ఎనిమిదిసార్లు తడి పోగే రెండు మూడు బిళ్లలు ఎక్కువ మోసింది. మిగిలిన రెండుసార్లూ ఎందుకు మొయ్యలేదో అది ఇప్పటికీ నన్ను అడుగుతూనే ఉంది.

ఇదేదో నేను కనిపెట్టింది కాదు. 1972లోనే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లా పల్లె బడుల్లో చేతులతో చేసి నేర్చుకునే సైన్స్ మొదలైంది. అక్కడికి వెళ్లిన అరవింద్ గుప్తా అనే ఐఐటీ ఇంజనీరు అగ్గిపుల్లలు, సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో జామెట్రీ బొమ్మలు చేయించాడు. ఆయన పుస్తకాలు తెలుగులోకీ వచ్చాయి. జన విజ్ఞాన వేదిక వాళ్ల 'చెకుముకి' పత్రిక చదివి పెరిగినవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. అయినా ప్రాజెక్టు వర్క్ అనగానే ఫ్యాన్సీ షాపుకెళ్లి థర్మాకోల్ అగ్నిపర్వతం కొనుక్కొచ్చే అమ్మానాన్నలే ఎక్కువ. చీరాల దగ్గర్లో అగ్నిపర్వతం ఎక్కడుందో నాకైతే కనబడలేదు.

జాండ్రపేట పెద్దాయన ఇంకో మాట కూడా అన్నాడు. పెద్ద వాన పడితే గుంటలోకి ఊట దిగుతుందట. అప్పుడు నీళ్లు తోడుకోవడమే తప్ప నేత ఉండదు, కూలీ ఉండదు. "పక్కనే సముద్రం కదా, మరి ఆ ఊట ఉప్పగా ఉండదా?" అని పిల్ల దారి పొడవునా ఆలోచించింది. అందుకే మూడో రోజు వాడరేవు రోడ్డు పట్టాం.

వాడరేవు అంటే అందరికీ బీచ్, లైట్‌హౌస్, చేపల వేపుడు. మేం మాత్రం దారిలో, తాటిచెట్ల మధ్య ఇసక చేల దగ్గర దిగాం. ఈ ఇసక నేలల్లో దొరువులుంటాయి. పెద్ద బావి కాదు, ఇసకలో తవ్విన లోతులేని గొయ్యి. అందులో ఊరిన నీళ్లతోనే ఆకుకూరలు, కూరగాయలు పండిస్తారు. ఆ చేలో ఉన్నాయన దోసిలితో నీళ్లు ఇచ్చాడు. తియ్యగా ఉన్నాయి.

"ఇంకాస్త లోతు తవ్వితే ఎక్కువ నీళ్లు రావా బాబాయ్?" అన్నాను.

"వస్తాయి, ఉప్పువి. ఆశపడి లోతుకెళ్తే అంతే సంగతి."

వాన నీళ్లు ఉప్పు నీళ్ల కన్నా తేలిక. ఇసకలోకి ఇంకిన వాన నీళ్లు కింద ఉన్న ఉప్పు నీళ్ల మీద మీగడలా తేలుతుంటాయి. దొరువు పని ఆ మీగడని పైపైన తీసుకోవడం. దీనికో లెక్క కూడా ఉంది. సముద్రమట్టానికి మంచినీళ్లు ఒక అడుగు ఎత్తున ఉంటే, కింద దాదాపు 40 అడుగుల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి. అదే తిప్పి చదివితే భయం వేస్తుంది. మోటారు పెట్టి పైన ఒక అడుగు తోడేస్తే, కాలం గడిచేకొద్దీ ఉప్పు కింది నుంచి 40 అడుగులు పైకి లేస్తుంది. 19వ శతాబ్దం చివర్లో, 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా తీరంలో ఇద్దరు ఎవరికి వారుగా కట్టిన లెక్క ఇది. చేలో ఉన్నాయన ఒక్క ముక్కలో చెప్పింది కూడా ఇదే. బాపట్లలో వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ దొరువునే మెరుగుపరిచారు. ఇసకలో అడ్డంగా చిల్లుల గొట్టాలు పరిచి, ఊట నీళ్లను మధ్య బావిలోకి చేర్చే పద్ధతి.

ఆ సాయంత్రం అక్క వంటిల్లు ప్రయోగశాల అయిపోయింది. సీసాలో ఉప్పు నీళ్లు, వాటికి బీట్‌రూట్ ఉడికించిన రంగు. పైన గరిటె వీపు మీదుగా మెల్లగా మంచినీళ్లు. గీత గీసినట్టు రెండు పొరలు నిలబడ్డాయి. పైపైన స్ట్రా పెట్టి మెల్లగా పీలిస్తే చప్పటి నీళ్లు. స్ట్రా కిందికి దించి గట్టిగా పీలిస్తే ఎర్రటి ఉప్పు నీళ్లు. మొహం వికారంగా పెట్టి, "బోరు వేశాను" అంది.

చివరి రోజు వేటపాలెం. జీడిపప్పు కోసం అని అక్కకి చెప్పాను గానీ, అసలు వెళ్లింది సారస్వత నికేతనానికి. 1918లో మొదలైన గ్రంథాలయం. ఇప్పుడున్న భవనానికి 1929లో గాంధీగారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి నుంచో పరిశోధకులు వస్తారు. అక్కడ కూర్చుని దానికొక కథ చెప్పాను.

1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. దాన్ని చూడ్డానికి జాన్సెన్ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి గుంటూరు వచ్చాడు. అవును, మన గుంటూరే. సూర్యుడి అంచున ఎగిసే మంటల వెలుగుని గాజు పట్టకంలోంచి పంపి రంగుల గీతలుగా విడగొట్టి చూశాడు. ఆ గీతలు ఎంత బలంగా కనిపించాయంటే, గ్రహణం లేకపోయినా ఇవి కనబడాలి కదా అనుకున్నాడు. మర్నాడు చూశాడు, కనిపించాయి. అదే గ్రహణాన్ని మచిలీపట్నంలో పాగ్సన్ చూశాడు. ఆ వెలుగులో ఒక పసుపు గీత సోడియం గీతకి దగ్గర్లోనే ఉంది గానీ, దానితో కలవలేదు. భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ అది సరిపోలేదు. ఇంగ్లండులో లాకియర్ దాన్ని సూర్యుడి పేరుతో హీలియం అన్నాడు. ఆ వాయువు భూమ్మీద చేతికి దొరకడానికి 1895 దాకా పట్టింది.

"బెలూన్లలో హీలియమా? గుంటూరులోనా? మరిది పుస్తకంలో ఎందుకు లేదు?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇంటికొచ్చి, చినగంజాం కొటార్ల ఉప్పు చిటికెడు గ్యాస్ మంట మీద చల్లాం. నీలం మంట భగ్గున పసుపైంది. అది సోడియం. స్టవ్ పాడైపోతుందని అక్క కేకలేసింది. బావ పేపరు పక్కనపెట్టి లేచొచ్చి, "ఇంకోసారి వెయ్యి" అన్నాడు.

నేను ఊరొచ్చిన మూడో రోజు ఫోన్.

"మావయ్యా, సీసాలో రెండూ కలిసిపోయాయి. అంతా గులాబీ రంగే. మరి దొరువులో ఎందుకు కలవట్లేదు?"

ఏటేటా వాన మళ్లీ పైన పోస్తుంది కదా అన్నాను. ఇసక సందుల్లో నీళ్లు మెల్లగా కదులుతాయేమో చూడమన్నాను.

"అయితే ఈసారి సీసాలో ఇసక పోసి చేస్తా. ఆదివారం నాన్న వాడరేవు తీసుకెళ్తానన్నాడు. కానీ అది సముద్రం ఇసక కదా, ముందు నాలుగు నీళ్లు పోసి కడగాలి. లేకపోతే దాని ఉప్పు కూడా మన లెక్కలోకి వచ్చేస్తుంది."