సాయంత్రం ఐదింటికి వచ్చిన కూలీలు

యేసు చెప్పిన ఉపమానాల్లో గుడి ప్రస్తావన తక్కువ, పొలం పుట్ర, ఇల్లు వాకిలి ఎక్కువ. విత్తనాలు చల్లే రైతు, రొట్టెల పిండి కలిపే ఇల్లాలు, మంద నుంచి తప్పిపోయిన గొర్రె, అప్పు తీర్చలేని దాసుడు, పని కోసం సంతవీధిలో నిలబడ్డ మనుషులు. గలిలయ పల్లెల్లో ఆ మాటలు విన్నవారికి ఇవన్నీ రోజూ కళ్లబడే సంగతులే. కాబట్టి ఉపమానంలో పాఠం వెతికేవారు ముందు అందులోని పనిని, వస్తువును దగ్గరగా చూడాలి. అలా చూస్తే కథ ఎక్కడో ఒకచోట లోకరీతిని తప్పి నడవడం కనిపిస్తుంది. పాఠం చాలాసార్లు దొరికేది అక్కడే.

మత్తయి సువార్త 20వ అధ్యాయంలోని ద్రాక్షతోట కథ ఇందుకు మంచి ఉదాహరణ. యజమాని తెల్లవారగానే వెళ్లి రోజుకు ఒక దేనారం చొప్పున కూలీలను మాట్లాడుకుంటాడు. మళ్లీ తొమ్మిదింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, మూడింటికి వెళ్తాడు. చివరికి పొద్దు వాలే వేళ, ఐదింటికి వెళ్లేసరికి ఇంకా కొందరు నిలబడే ఉంటారు. ఊరికే ఎందుకు నిలబడ్డారని అడిగితే, తమను ఎవరూ పనికి పిలవలేదంటారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో తెల్లవారుజామున అడ్డా మీద పార, తట్ట, అన్నం క్యారేజీతో నిలబడే కూలీలను చూసినవారికి ఈ జవాబు విడమరిచి చెప్పనక్కర్లేదు. మేస్త్రీ ముందు ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లను ఏరుకుంటాడు. ఎండెక్కినా మిగిలిపోయేవారిలో వయసు మళ్లినవాళ్లు, నలతగా ఉన్నవాళ్లు ఎక్కువ. వాళ్లు సోమరులు కారు.

దేనారం ఆనాటి ఒక రోజు కూలి. ఇంటిల్లిపాదికీ ఆ పూట తిండి దానిమీదే ఆధారం. పేదవాడి కూలిని మర్నాటిదాకా అట్టిపెట్టుకోకూడదని లేవీయకాండం, పొద్దు గుంకేలోగా ఇచ్చేయాలని ద్వితీయోపదేశకాండం ఆజ్ఞాపించాయి. తోట యజమాని సాయంత్రమే కూలి ఇప్పించడం వరకు ధర్మశాస్త్రం చెప్పిందే. ఆశ్చర్యమంతా ఆ తర్వాత జరిగినదానిలో ఉంది. చివర వచ్చినవాళ్లను ముందు పిలిచి నిండు దేనారం ఇప్పించాడు. గంట పనికి లెక్కగట్టి పన్నెండో వంతు ఇస్తే, ఆ రాత్రి వాళ్ల పిల్లలకు రొట్టె ముక్క రావడమే కష్టం. పొద్దుటినుంచీ ఎండలో కష్టపడినవాళ్లు తమకూ అదే దేనారం దక్కేసరికి సణిగారు. వాళ్ల బాధ అర్థంలేనిది కాదు, కానీ ఒప్పుకున్న కూలిలో వాళ్లకు చిల్లిగవ్వ తగ్గలేదు. దేవుని కృప మనిషి చేసిన పనిని కొలిచి ఇచ్చేది కాదని ఈ కథ చెబుతుంది. దాంతోపాటు, చివరివాడి ఆకలి కూడా యజమాని లెక్కలోకి వచ్చిందని చెబుతుంది. ఈ రెండో మాటను వదిలేసి మొదటిదాన్నే పట్టుకునే ప్రసంగం కథలో సగాన్ని పోగొట్టుకున్నట్టే.

లూకా సువార్తలో వెండి నాణెం పోగొట్టుకున్న ఇల్లాలి కథ మరీ చిన్నది. గలిలయలోని కపెర్నహూములో తవ్వకాల్లో బయటపడ్డ ఇళ్లు నల్లరాతి గోడలవి. నేల మీద ఎగుడుదిగుడు రాళ్లు, వాటి మధ్య సందులు. అలాంటి చీకటింట్లో జారిపోయిన నాణెం కోసం దీపం వెలిగించి, ఇల్లు ఊడ్చి, ప్రతి సందూ వెతకడం ఏ ఇల్లాలైనా చేసే పనే. ఒక్క నాణెం దొరికిందని ఇరుగుపొరుగు అమ్మలక్కలను పిలిచి పండుగ చేసుకోవడం మాత్రం మామూలు కాదు. పశ్చాత్తాపపడిన ఒక్క పాపి విషయంలో పరలోకానికి కలిగే ఆనందం ఆ పిలుపులో ఉంది. ఇల్లాలు పులిపిండిని పిండిలో కలిపిన కథలోనూ అంతే. పస్కా పండుగకు ఇంట్లోంచి తీసేసే పులిపిండినే దేవుని రాజ్యానికి పోలికగా చెప్పడం ఒక వింత. దాన్ని కలిపిన మూడు కుంచాల పిండి ఒక ఇంటికి కావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కావడం ఇంకో వింత.

ఈ కథలను చదివే తీరు కాలక్రమంలో మారింది. అయిదో శతాబ్దపు క్రైస్తవ పండితుడు అగస్టీన్ మంచి సమరయుని కథలో దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడిని ఆదాముగా, అతన్ని చేర్చిన సత్రాన్ని సంఘంగా, సత్రపువాడిని అపొస్తలుడైన పౌలుగా పోల్చాడు. ప్రతి వస్తువుకూ ఇలా గూఢార్థం కట్టే పద్ధతిని పంతొమ్మిదో శతాబ్దం చివర జర్మన్ పండితుడు అడాల్ఫ్ యూలిషర్ తోసిపుచ్చి, ఉపమానానికి ఒకే ముఖ్యాంశం ఉంటుందన్నాడు. 1935లో బైబిలు పండితుడు సి.హెచ్. డాడ్ ఈ కథలను యేసు పరిచర్య జరిగిన సందర్భంలో పెట్టి చదివాడు. ఈ పరిశోధనల వల్ల సామాన్య పాఠకుడికి కలిగిన మేలు పెద్దది. సత్రం సత్రంగానే, కూలి కూలిగానే మళ్లీ కనబడ్డాయి.

నిత్యజీవితంలో పాఠాలు వెతికేవారికీ ఇదే జాగ్రత్త పనికొస్తుంది. కాఫీ చల్లారినా, బస్సు తప్పినా దానికో వాక్యం అతికించడం భక్తి అనిపించుకోదు. పదిహేడో శతాబ్దంలో పారిస్ మఠపు వంటశాలలో పనిచేసిన బ్రదర్ లారెన్స్ గిన్నెలకు గూఢార్థాలు చెప్పలేదు. వంట వండుతూనే దేవుని సన్నిధిలో ఉండడం సాధన చేశాడు.

ద్రాక్షతోట కథ ఆరాధనలోనూ నిలిచింది. ప్రాచీన సంఘ ప్రసంగీకుడు క్రిసోస్తోము పేరిట వస్తున్న ఒక ప్రసంగాన్ని గ్రీకు, రష్యా తదితర ఆర్థడాక్స్ సంఘాలు నేటికీ పునరుత్థాన పండుగ ఆరాధనలో ఏటా చదువుతాయి. అందులో ఉపవాసమున్నవారితోపాటు ఉండనివారికీ, తెల్లవారుజామున వచ్చినవారితోపాటు చిట్టచివరి గంటకు వచ్చినవారికీ ఒకే విందుకు పిలుపు అందుతుంది.